విప్లవ సిద్ధాంతం బీఈడీ సిలబస్‌లో ఎంత, బడిలో ఎంత?

మీరు రెండు సంగతులు అడిగారు. బీఈడీ పుస్తకాల్లో ఏ పేపరు తీసినా బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ, విమర్శనాత్మక బోధన (చదువును అధికారాన్ని, అసమానతను ప్రశ్నించే సాధనంగా చూసే బోధన) అనే మాటలే కనిపిస్తున్నాయి, ఇదంతా మార్క్సిజమేనా అన్నది మొదటిది. కాలిఫోర్నియాలో ఉంటున్న మీ అన్నయ్య "ఇక్కడి బడులు వామపక్షాల చేతుల్లోకి పోయాయి, లెక్కలు కూడా సరిగా చెప్పనివ్వడం లేదు" అంటున్నారట, అందులో నిజమెంత అన్నది రెండోది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో చాలాకాలం ఈ పాఠాలు చెప్పాను కాబట్టి మొదటిదానికి ధైర్యంగా, రెండోదానికి కాస్త ఆచితూచి జవాబిస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విప్లవ రాజకీయ సిద్ధాంతం ఉపాధ్యాయ శిక్షణ సిలబస్‌లోనూ విధాన పత్రాల భాషలోనూ గట్టిగా పాతుకుంది. తరగతి గదిలో దాని జాడ చాలా తక్కువ. అది నిజంగా ఫలించిన చోట అక్షరం నేర్పే పని ఎంతో పట్టుదలగా, ఒక క్రమంలో జరిగింది. అక్షరాన్ని గాలికొదిలి నినాదాన్ని పట్టుకున్న చోట మాత్రం, ఎవరి పేరు చెప్పి మొదలుపెట్టారో ఆ పేదవాళ్లే నష్టపోయారు.

ఫ్రెయిరీతోనే మొదలుపెడదాం. సిలబస్‌లో ఆయనకు దక్కేది రెండు పేరాలు. ఉపాధ్యాయుడు సమాచారాన్ని డిపాజిట్ చేయడం, విద్యార్థి దాన్ని దాచుకుని పరీక్షలో తిరిగివ్వడం బ్యాంకింగ్ విద్య. దానికి బదులు సంభాషణ కావాలి. దాని ఫలం చైతన్యం, అంటే తన పరిస్థితినీ దాని కారణాలనూ గుర్తెరగడం. మార్కులకు ఇది చాలు. ఆయన అసలు ఏ పని చేశాడన్నది మాత్రం ఈ రెండు పేరాల్లో దొరకదు.

ఫ్రెయిరీ 1921లో బ్రెజిల్ ఈశాన్యాన ఉన్న రెసిఫే నగరంలో పుట్టాడు. చెరకు తోటలు, పెద్ద భూస్వాములు, వాళ్ల కింద చదువురాని కూలీలు ఉన్న ప్రాంతం అది. ఇక్కడ ఒక సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఆనాటి బ్రెజిల్‌లో చదవడం, రాయడం రానివారికి ఓటు హక్కు లేదు. 1985 దాకా అదే చట్టం. అంటే ఒక ఊళ్లో మూడు వందల మందికి అక్షరాలు నేర్పితే ఆ ఊరి ఓటర్ల జాబితా మారిపోతుంది. భూస్వాములకు భయం పుట్టించడానికి మార్క్స్ రాయాల్సిన పని లేదు, అక్షరమాల ఒక్కటి సరిపోతుంది.

1963లో ఆంజికోస్ అనే చిన్న ఊళ్లో ఫ్రెయిరీ బృందం సుమారు మూడు వందల మంది కూలీలకు దాదాపు 40 గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పింది. చివరి తరగతికి దేశాధ్యక్షుడు జువావ్ గులార్ స్వయంగా వచ్చాడు. మరుసటి ఏడాది ఆయన ప్రభుత్వం సైనిక కుట్రలో కూలిపోయాక సైనిక పాలనకు తొలి అధ్యక్షుడైన జనరల్ కాస్తెలో బ్రాంకో కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఈ కార్యక్రమానికి డబ్బులిచ్చిన వారిలో అమెరికా ప్రభుత్వ సహాయ పథకం కూడా ఉంది. క్యూబా విప్లవం తర్వాత లాటిన్ అమెరికాలో కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికి పెట్టిన పథకమది! ఫ్రెయిరీని కమ్యూనిస్టు కుట్రగా చూపించేవారు ఈ ఒక్క ముక్క చెప్పరు.

ఆ 40 గంటల్లో ఏం జరిగేది? ముందు బృందం వెళ్లి ఆ మనుషులతో కూర్చుని వాళ్లు రోజూ వాడే మాటలు సేకరించేది. వాటిలోంచి పదహారో పదిహేడో మాటలు ఏరేవారు. ఏరడానికి కొలమానం రెండు వైపులా ఉండేది: ఆ మాట వాళ్ల బతుకులో బరువున్నదై ఉండాలి, అన్నీ కలిపితే పోర్చుగీసు భాషలోని ధ్వనులన్నీ రావాలి. అలా ఏరిన మాటల్లో ఒకటి 'తిజోలో', అంటే ఇటుక. ముందు గోడమీద ఇల్లు కడుతున్న బొమ్మ పడేది. ఇటుకలు ఎవరు చేస్తారు, ఎవరి ఇళ్లకు పోతాయి, మన ఇల్లు దేనితో కట్టుకున్నాం అని చర్చ. ఆ తర్వాత మాట. తర్వాత మాట ముక్కలు: తి, జో, లో. తర్వాత ఒక్కో ముక్కకు దాని కుటుంబం: త, తె, తి, తొ, తు, జ, జె, జి, జొ, జు, ల, లె, లి, లొ, లు. ఈ పదిహేను అక్షరాలూ ఒకే పలక మీద చూపించి, వీటితో మీకు తోచిన మాటలు కట్టండి అనేవారు. నేర్చుకునేవారు 'లుత' అంటే పోరాటం, 'లొజ' అంటే దుకాణం వంటివి అల్లేవారు. ఆ పలకలోంచే మూడు ముక్కలు ఏరి ఒకరు ఏకంగా 'తు జ లె' అని వాక్యమే రాశారని ఫ్రెయిరీ నమోదు చేశాడు. నువ్వు అప్పుడే చదువుతున్నావే అని దానర్థం.

గుణింతాలు దిద్దిన మనకు ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. నిజమే, అక్షరం వైపు నుంచి చూస్తే ఇది గుణింతమే. ఆ గుణింతాన్ని నేర్చుకునేవాడి బతుకులోని ఇటుకకు కట్టాడు, ఆ ఇటుక గురించి ముందు వాడినే మాట్లాడనిచ్చాడు. ఈ రెండూ విడిపోలేదు కాబట్టే 40 గంటల్లో పని అయింది. సిలబస్‌లో చర్చ మిగిలింది, గుణింతం ఎగిరిపోయింది. నా పేచీ అంతా ఇక్కడే.

కుట్ర జరిగాక ఫ్రెయిరీని సుమారు డెబ్బై రోజులు జైల్లో పెట్టారు. విడుదలయ్యాక బొలీవియా, అక్కడి నుంచి చిలీ. అక్కడ భూసంస్కరణల కార్యక్రమంలో రైతులతో పనిచేస్తూ 1968 నాటికి 'పెడగాజీ ఆఫ్ ది ఆప్రెస్డ్' రాశాడు. ఇంగ్లీషులో 1970లో వచ్చింది, బ్రెజిల్‌లో అచ్చు కావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఈ పుస్తకంలోనే ఉంది. హెగెల్, మార్క్స్, ఫానన్, ఎరిక్ ఫ్రామ్ వంటి సిద్ధాంతకర్తలు ఇందులో కనిపిస్తారు. లెనిన్, మావో, చే గువేరా మాటలు ఉటంకింపులుగా వస్తాయి. దాంతో సమానంగా కేథలిక్ క్రైస్తవ భాష ఉంది: ప్రేమ, వినయం, విశ్వాసం. ఆ తర్వాత పదేళ్లు ఆయనకు ఉద్యోగమిచ్చింది జెనీవాలోని ప్రపంచ చర్చిల మండలి. కాబట్టి 'ఇదంతా మార్క్సిజమేనా' అంటే, మార్క్సిజం ఉంది, దాచాల్సిన పనీ లేదు. కానీ చర్చి లేకుండా ఫ్రెయిరీ లేడు.

మరో విచిత్రం చూడండి. ఫ్రెయిరీని తరిమేసిన సైనిక ప్రభుత్వమే 1970 నుంచి మొబ్రాల్ అనే పేరుతో దేశవ్యాప్తంగా వయోజన విద్య నడిపింది. అందులోనూ బొమ్మ, మాట, మాట ముక్కలు, అక్షర కుటుంబాలు అన్నీ ఫ్రెయిరీ బాణీలోనే. ఇటుకలు ఎవరింటికి పోతాయి అన్న ప్రశ్న ఒక్కటే తీసేశారు. పద్ధతిని రాజకీయం నుంచి విడదీయలేం అనేవారికి మొబ్రాల్ ఇబ్బంది కలిగించే ఉదాహరణ. దాని ఫలితాలు చెప్పుకోదగ్గట్టు లేవన్నదీ నిజమే కాబట్టి, విడదీయవచ్చు అనేవారికీ అది పెద్దగా ఉపయోగపడదు.

ఇక ఈ సిద్ధాంతం విశ్వవిద్యాలయాలకు ఎలా ఎక్కింది? 1970లలో బడి గురించి వామపక్ష మేధావులు రాసిందంతా నిరాశే. బడి రాజ్యపు భావజాల యంత్రాంగమని 1970లో ఫ్రెంచి మార్క్సిస్టు తత్వవేత్త అల్తూసర్ అన్నాడు. ఇంట్లో ఉన్న సాంస్కృతిక పెట్టుబడిని, అంటే ఇంట్లోనే అబ్బే భాషను, అలవాట్లను, అభిరుచులను బడి ప్రతిభగా ముద్రవేసి తిరిగి అదే వర్గానికి అందిస్తుందని అదే ఏడాది ఫ్రెంచి సమాజశాస్త్రవేత్తలు బూర్దియూ, పాస్సెరాన్ వాదించారు. ఫ్యాక్టరీలో ఎలాంటి క్రమశిక్షణ కావాలో బడి అదే నేర్పుతుందని 1976లో అమెరికా ఆర్థికవేత్తలు బౌల్స్, గింటిస్ రాశారు. విశ్లేషణగా వీటిలో పస ఉంది, ముఖ్యంగా బూర్దియూ చెప్పినదాంట్లో. కానీ బడి ఎలాగూ అసమానతను పునరుత్పత్తి చేసే యంత్రమే అయితే సోమవారం పొద్దున్న తరగతికి వెళ్లే టీచరు ఏం చేయాలి? ఈ పుస్తకాల్లో దానికి జవాబు లేదు. ఫ్రెయిరీ దగ్గర ఉంది. ఆయన పుస్తకం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో అంతలా పాకడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం. మైఖేల్ ఆపిల్, హెన్రీ జిరూ వంటి విద్యావేత్తలు ఈ రెండు పాయలనూ కలిపి అమెరికాలో ఒక ప్రత్యేక అధ్యయన శాఖగానే నిలబెట్టారు. సాంఘిక శాస్త్రాల్లో అత్యధికంగా ఉటంకించిన పుస్తకాల్లో ఫ్రెయిరీ పుస్తకం మూడో స్థానంలో ఉందని 2016లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుడొకరు గూగుల్ స్కాలర్ లెక్కలతో తేల్చాడు. ఉటంకించినవారిలో ఎందరు ఒక నిరక్షరాస్యుడికి అక్షరం నేర్పి ఉంటారన్నది అడగకూడని ప్రశ్న.

దీనిమీద వచ్చిన విమర్శల్లో నాకు బాగా నచ్చింది కుడిపక్షం నుంచి రాలేదు. లీసా డెల్పిట్ అనే ఆఫ్రికన్ అమెరికన్ అధ్యాపకురాలు 1988లో ఒక వ్యాసం రాశారు. ఉదారవాద తెల్ల టీచర్లు తరగతిలో అధికారం చలాయించడం ఇష్టం లేక, వ్యాకరణం, ప్రామాణిక భాష, స్పష్టమైన ఆదేశం లాంటివన్నీ వదిలేసి పిల్లలను 'స్వేచ్ఛగా వ్యక్తపరచుకోండి' అంటారు. మధ్యతరగతి పిల్లలకు ఆ నియమాలు ఇంట్లోనే వస్తాయి కాబట్టి వాళ్లకు నష్టం లేదు. నల్లజాతి పేదపిల్లలకు బడి తప్ప అవి దొరికే చోటు లేదు. అధికారంలో ఉన్నవారి నియమాలను అవి లేనివారికి విప్పి చెప్పి, నేరుగా నేర్పాలి అని ఆమె వాదన. అలాగని పిల్లల సొంత భాషను చిన్నచూపు చూడమని ఆమె ఎక్కడా అనలేదు.

ఇదే మాట అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందు ముస్సోలినీ జైల్లో కూర్చుని గ్రాంషీ రాసుకున్నాడు. ఇటలీ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు, సార్డీనియా దీవిలో పేదరికంలో పెరిగి స్కాలర్‌షిప్‌తో విశ్వవిద్యాలయానికి వచ్చినవాడు. 1923లో ముస్సోలినీ విద్యామంత్రి జెంటీలే పాత బడిని 'యాంత్రికం' అని తీసిపారేస్తూ సంస్కరణలు తెచ్చాడు. గ్రాంషీ పాత బడిలోని లాటిన్ వ్యాకరణాన్ని వెనకేసుకొచ్చాడు. గంటల తరబడి ఒకచోట కూర్చుని మనసు పెట్టే అలవాటు చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఇంటి గాలిలోనే అబ్బుతుంది, కూలీ కొడుక్కి అది కష్టపడి సంపాదించుకోవాల్సిన శక్తి, బడి దాన్ని తేలిక చేస్తే వాడినే మోసం చేసినట్టు అని ఆయన ఆలోచన. రాజకీయంలో విప్లవవాది, బోధనలో సంప్రదాయవాది. బీఈడీ సిలబస్‌లో గ్రాంషీ పేరు 'ఆధిపత్యం' దగ్గర వస్తుంది, ఈ సంగతి దగ్గర రాదు.

ఫ్రెయిరీ సైతం ఒకచోట ఈ గోతిలోనే పడ్డాడు. 1970లలో పోర్చుగీసు పాలన నుంచి బయటపడిన గినియా-బిస్సావులో అక్షరాస్యతా ఉద్యమానికి సలహాలిచ్చాడు. ఉత్సాహానికి, రాజకీయ సంకల్పానికి లోటు లేదు. కానీ బోధన పోర్చుగీసులో. జనం మాట్లాడేది క్రియోల్, ఇంకా ఎన్నో ఆఫ్రికన్ భాషలు. రాని భాషలో 'మీ మాటల' నుంచి అక్షరం ఎలా పుడుతుంది? ఆ ప్రయత్నం దాదాపుగా విఫలమైంది. తర్వాత 1989లో బ్రెజిల్‌లోని సావో పాలో నగర విద్యాధికారిగా పనిచేసినప్పుడు ఆయన దృష్టి పెట్టిన వాటిలో బడి భవనాల మరమ్మతులు, టీచర్ల జీతాలు కూడా ఉన్నాయి. ఆ దశ ఆయన అభిమానుల రాతల్లో అంతగా కనిపించదు. నాకు మాత్రం చాలా ఇష్టం.

2012లో బ్రెజిల్ చట్టం చేసి మరీ ఆయన్ను జాతీయ విద్యకు ఆదర్శపురుషుడిగా (పాట్రన్) ప్రకటించింది. 2018 ఎన్నికల్లో బొల్సొనారో ఆయన ప్రభావాన్ని విద్యాశాఖ నుంచి ఊడ్చేస్తానని ప్రచారం చేశాడు. బ్రెజిల్ పిల్లలు అంతర్జాతీయ పరీక్షల్లో వెనకబడటానికి ఫ్రెయిరీయే కారణమన్నది అక్కడి కుడిపక్షం వాదన. మామూలు బ్రెజిల్ తరగతిలో పిల్లలు నల్లబల్ల చూసి నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడమే ఎక్కువ. లేని మందుకు ఉన్న రోగాన్ని అంటగట్టడం ఇది.

మీ అన్నయ్య మాటకు వద్దాం. ఆయన బహుశా శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉంటారనుకుంటాను, ఎందుకంటే లెక్కల గొడవ అక్కడిదే. ఆ నగర బడులు 2014 నుంచి ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా తీసేసి అందరికీ తొమ్మిదిలోనే మొదలుపెట్టాయి. చిన్నప్పుడే పిల్లలను 'లెక్కలొచ్చినవారు, రానివారు' అని విడదీస్తే నల్లజాతి, లాటినో పిల్లలు కింది వరసలో మిగిలిపోతారన్నది కారణం. ఆ బాధ కల్పితం కాదు. కానీ స్తోమత ఉన్న కుటుంబాలు బయట డబ్బు కట్టి ఆల్జీబ్రా చెప్పించుకున్నాయి, లేనివారు ఆగిపోయారు. చివరకు 2024లో ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రాను తిరిగి తేవాలని విద్యామండలి ఓటు వేసింది. దీన్ని మార్క్సిజం అనడం అతిశయోక్తి. ఇది సమానత్వం గురించిన అమెరికన్ ఉదారవాదం. కాకపోతే డెల్పిట్ పట్టుకున్న తప్పు ఇందులోనూ అచ్చంగా అదే.

ఆయన రెండోవైపు కూడా వినాలి. అరిజోనాలోని టూసన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ చరిత్ర, సాహిత్యం చెప్పే తరగతులుండేవి. 2010లో రాష్ట్రం వాటిని ఆపడానికే ఒక చట్టం చేసింది. 2012 జనవరిలో తరగతి గదుల నుంచి తీసి గోదాముకు పంపిన పుస్తకాల్లో ఫ్రెయిరీది ఒకటి. 2017లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధం వెనక జాతి విద్వేషం ఉందని తీర్పు చెప్పారు. 2021 నుంచి చాలా రాష్ట్రాలు 'క్రిటికల్ రేస్ థియరీ' పేరుతో ఇలాంటి చట్టాలే తెచ్చాయి. జాతి వివక్ష చట్టాల్లో, వ్యవస్థల్లో ఎలా ఇమిడి ఉందో పరిశీలించే ఆ సిద్ధాంతం న్యాయ కళాశాలల్లో పుట్టింది. విద్యారంగంలోకి 1995లో గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్, విలియం టేట్ వ్యాసంతో వచ్చింది. దాన్ని పాఠంగా చెప్పే ఐదో తరగతి దాదాపు ఎక్కడా కనిపించదు. బానిసత్వం గురించి చెప్పడానికి టీచరు జంకే తరగతులు మాత్రం ఇప్పుడు ఉన్నాయి.

మన దగ్గరికి ఈ ఆలోచన రెండు దారుల్లో వచ్చింది. మొదటి దారి వయోజన విద్య. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అక్షరాస్యత, వృత్తి నైపుణ్యం పక్కన చైతన్యాన్ని మూడో లక్ష్యంగా పెట్టుకుంది. ఆ ఆలోచన అసలు పంట 1991 తర్వాత నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కనిపించింది. రాత్రిబడుల వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది, సారాకు వ్యతిరేకంగా ఊరి ఆడవాళ్లను కూడగట్టిన స్త్రీ కథ. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు ఆ పాఠం దగ్గర ఆగి, మన ఊళ్లో దుకాణం సంగతేమిటి అనుకున్నారు, మూయించారు. ఆ విజయం 'ఆడవాళ్లు ఏకమైతే' అనే మరో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఇదంతా మీకు తెలిసిందే. ఫ్రెయిరీ పేరు పదేపదే చెప్పే మన బీఈడీ పుస్తకాలు దూబగుంటను ఎందుకు వదిలేస్తాయో నాకు అంతుబట్టదు. ఆ అక్షరాస్యతా ఉద్యమాల తర్వాత అక్షరం నిలబెట్టే పని సాగలేదు, చాలామంది నేర్చింది మరిచిపోయారు, అదీ చెప్పుకోవాలి.

రెండో దారి బడి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో విమర్శనాత్మక బోధనకు ప్రత్యేక శీర్షికే ఉంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయ్యాక 'జ్ఞానం-పాఠ్యప్రణాళిక', 'జెండర్-పాఠశాల-సమాజం' లాంటి పేపర్లు చేరాయి. మీకు ఫ్రెయిరీ పేజీపేజీకీ ఎదురుకావడానికి కారణం అదే. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్రం ఆధారంగా కొత్త సాంఘిక శాస్త్ర పుస్తకాలు వచ్చాయి. నిజాయతీగా చెబితే మంచి పుస్తకాలు. విద్యా ప్రమాణాల్లో ఇచ్చిన పాఠ్యాంశంపై వ్యాఖ్యానించడం, సమకాలీన అంశాలపై స్పందించి ప్రశ్నించడం చేర్చారు. పదో తరగతి ప్రశ్నపత్రంలో 'కింది పేరాను చదివి వ్యాఖ్యానించండి' అనే ప్రశ్న వచ్చింది.

తర్వాత ఏమైందో బజారులో దొరికే ఏ గైడు తెరిచినా కనిపిస్తుంది. ప్రతి పాఠానికీ రాదగ్గ పేరాలు ముందే ఏరి, ఒక్కోదానికి వ్యాఖ్యానం అచ్చువేసి ఉంటుంది: మొదట 'ఈ పేరా ఫలానా అంశాన్ని వివరిస్తుంది' అనే వాక్యం, తర్వాత నాలుగు పాయింట్లు, చివర 'కాబట్టి ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి'. భూసంస్కరణలైనా నదుల కాలుష్యమైనా చివరి వాక్యం మారదు. పిల్లలు దాన్ని కంఠతా పట్టి, మక్కీకి మక్కీ దించుతారు, మూల్యాంకనం చేసేవారు మార్కులు వేస్తారు. అలా సొంత అభిప్రాయమే ఒక డిపాజిట్ అయిపోయింది. సిద్ధాంతం బడిలోకి ఎంత వెళ్లిందన్న మీ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం నా దగ్గర లేదు. తప్పు సిద్ధాంతానిదీ కాదు, పిల్లలదీ కాదు. జవాబు ఇదే అని ముందే తేల్చుకున్న పరీక్షా విధానంలో ఏ ప్రశ్న పడేసినా గైడుగానే తిరిగొస్తుంది.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి. బోధనాభ్యాసానికి బడికి వెళ్లినప్పుడు ఎనిమిదో తరగతిలో 'సమాజంలో అసమానతలు' మీద చర్చ పెట్టే ముందు, ఒక్కొక్కరినీ పిలిచి పాఠంలో ఒక పేరా గట్టిగా చదివించండి. తడబడుతున్నవారి పేర్లు రాసుకోండి. వాళ్లకు రోజూ కాస్త సమయం కేటాయించి చదవడం నేర్పండి, వాళ్ల ఇంటి చుట్టూ ఉన్న మాటలతోనే: కూలి, రేషను, బోరు, వడ్డీ. చర్చ ఆ మాటల వెంట దానంతటదే వస్తుంది. పర్యవేక్షకుడు ఇది ఏ పద్ధతి అని అడిగితే ఫ్రెయిరీ పద్ధతి అని చెప్పండి, అబద్ధం కాదు. పరీక్షలో మాత్రం డెల్పిట్, గ్రాంషీల పేర్లు చేర్చి ఆ విమర్శ కూడా రాయండి, అడిగింది 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అనే కదా. మీ అన్నయ్యను తన పిల్లల బడి సమావేశంలో ఒకటే అడగమనండి: ఆల్జీబ్రా తీసేసిన ఏడాది, ఇంట్లో నేర్పేవాళ్లు లేని పిల్లల లెక్కల మార్కులు పెరిగాయా, తగ్గాయా? సిద్ధాంతం పేరు ఎత్తకుండా అంకెలు అడిగితే రెండు పక్షాలవాళ్లూ సమాధానం చెప్పక తప్పదు.